తాడు విప్పితే మూలకు పోతోంది, నమ్మకం ఎప్పుడొస్తుంది?

పోయిన సంచికలో లిబర్టీ ట్రెయినింగ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. తాడు, కళ్ళెం, జీను ఏవీ లేకుండా, ఖాళీ స్థలంలో గుర్రం తనంతట తాను మనతో నడవడం, ఆగమంటే ఆగడం, పిలిస్తే రావడం, దాన్నే అలా అంటారు. ఆ నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి కొన్ని ఏరాను. మొదటి ఉత్తరానికి జవాబు చాలా పొడుగైంది, అది పొడుగ్గా చెప్పాల్సిన విషయమే.

ప్రశ్న: మాకు అజీజ్‌నగర్ వైపు చిన్న ఫామ్ ఉంది. ఎనిమిది నెలల కిందట రేసుల నుంచి రిటైరైన ఆరేళ్ల థరోబ్రెడ్ గుర్రాన్ని తెచ్చుకున్నాం. హాల్టర్ (తలకు కట్టే పట్టీ) వేసి తాడు పట్టుకుంటే బుద్ధిగా వస్తుంది, ఎక్కినా ఇబ్బంది పెట్టదు. తాడు విప్పితే మాత్రం అవతలి మూలకు పోయి నావైపు వీపు పెట్టి నిలబడుతుంది. వీడియోలు చూసి రౌండ్ పెన్‌లో, అంటే గుండ్రటి కంచెలో, దాన్ని పరుగెత్తించాను, ఇరవై నిమిషాలకు తల దించి నా వెనకే నడిచింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అలా మూడు రోజులు చేశాను. నాలుగో రోజు నుంచి నేను గేటు తీస్తే చాలు, చెవులు వెనక్కి అంటించేస్తోంది. ఎక్కడ తప్పు జరిగింది? (ఒక పాఠకుడు, అజీజ్‌నగర్)

జవాబు: తాడు కట్టినప్పుడు బుద్ధిగా వస్తోందంటే దానికి తాడు అలవాటైందని అర్థం. మీరు ఇంకా అలవాటు కాలేదు. ఎనిమిది నెలలైనా కాలేదా అని బాధపడకండి, రెండేళ్ల వయసు నుంచి రేసుల్లో ఉన్న గుర్రానికి ఎనిమిది నెలలు పెద్ద కాలమేమీ కాదు.

మీరు చేసిన పనే నేనూ చేశాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఒక ఆడగుర్రం ఉండేది, అదీ రేసుల నుంచి వచ్చిందే. రౌండ్ పెన్‌లో వదిలి, తాడు కొస ఊపుతూ, ఆగబోతే మళ్ళీ అదిలిస్తూ పరుగెత్తించాను. పావుగంట తర్వాత నావైపున్న చెవి నాకేసి తిప్పింది, నోరు చప్పరించింది, తల దించింది, నేను వెనక్కి తిరిగి నడిస్తే వచ్చి నా భుజం పక్కన నిలబడింది. ఆ సాయంత్రం కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి నేను తబేలాలో అడుగుపెడితే అది గోడకు అతుక్కుపోయేది, డొక్కల మీద చర్మం వణికేది. అక్కడ పాతికేళ్లకు పైగా గుర్రాలను చూసుకున్న సాయీసు ఒకాయన ఉండేవాడు, రెండు రోజులు చూసి, “సాబ్, అది మీ దగ్గరికి రావడం లేదు, పరుగు ఆపించుకోవడానికి వస్తోంది” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన చెప్పిందే నిజం. గుర్రం మీద ఏదైనా ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడి ఎప్పుడు పోయిందో అది గుర్తుపెట్టుకుంటుంది, పోవడానికి ఒక్క క్షణం ముందు తను ఏం చేసిందో దాన్నే మళ్ళీ చేస్తుంది. పగ్గం లాగితే ఆగడం, మడమ తగిలిస్తే కదలడం అన్నీ ఇలా నేర్చుకున్నవే. రౌండ్ పెన్ అంటే దాదాపు అరవై అడుగుల వలయం, దానికి మూలలు ఉండవు, దాక్కునే చోటుండదు, ఎంత పరుగెత్తినా మనిషికీ దానికీ దూరం పెరగదు. మనిషి ఊరుకునే చోటు ఒక్కటే, మనిషి పక్కన. కాబట్టి అక్కడికొస్తుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో దీన్ని రిమోట్‌తో నడిచే బొమ్మకారుతో చేసి చూపించారు. గుర్రం కారు వైపు తిరగగానే కారును ఆపేవారు, లేకపోతే వెంట తరిమేవారు. కొంతసేపటికి గుర్రాలు ఆ కారు దగ్గరికి కూడా వచ్చాయి. ఆ గుర్రాలకు కారు మీద నమ్మకం కుదిరిందని మనం అనం కదా. నోరు చప్పరించడాన్ని కూడా “ఒప్పుకుంది” అని వీడియోల్లో చెప్తుంటారు. టెన్షన్‌లో గుర్రానికి నోరు ఎండిపోతుంది, టెన్షన్ కాస్త దిగగానే లాలాజలం ఊరి చప్పరిస్తుంది. అంటే అంతకు ముందు నిమిషం దాకా అది భయపడుతూనే ఉందన్నమాట.

ఒత్తిడి అనేదే తప్పని నేను అనడం లేదు. గాలిలో వేలెత్తినంత చిన్న ఒత్తిడి పెట్టి, గుర్రం ఆలోచన మొదలుపెట్టగానే తీసేస్తే అది మాట లాంటిది. మీరు ఇరవై నిమిషాలు పెట్టింది మాట కాదు, అరుపు.

ఇక ఇప్పుడు ఏం చేయాలి. రౌండ్ పెన్ కొన్నాళ్ళు మరచిపోండి. ముందు దాని ఒళ్ళు పశువైద్యుడికి చూపించండి. రేసుల్లో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి గుర్రం రోజులో ఎక్కువ గంటలు నాలుగు గోడల మధ్యే ఉంటుంది, గింజల దాణా ఎక్కువ, గడ్డి తక్కువ. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, మనకు లాగా ముఖ్యంగా తిన్నప్పుడే కాదు. అందుకే పచ్చిక బయళ్ళలో వదిలిన గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూనే గడుపుతుంది. మేత మధ్యలో గంటలు గంటలు ఖాళీ కడుపుతో నిలబెడితే అల్సర్లు వస్తాయి, రేసు గుర్రాల్లో ఇవి చాలా మామూలు. కడుపు మండుతున్న గుర్రం పొట్ట దగ్గర చెయ్యి పడితే చెవులు వెనక్కి పెట్టక ఏం చేస్తుంది? పళ్ళు, వెన్ను, డెక్కలు కూడా చూపించండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ మీకు దగ్గరే. నాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వస్తున్నాడో లేదో చూసుకోండి. జీను ఎక్కడ ఒత్తుతోందో చెయ్యి పెట్టి వెతకండి. నొప్పి ఉన్న గుర్రానికి మనిషి కనిపిస్తే నొప్పే గుర్తొస్తుంది, అప్పుడు మీరు ఎంత ప్రేమగా వెళ్ళినా ఫలితం ఉండదు.

ఒంటరిగా ఉందా? మీ ఉత్తరంలో రాయలేదు. ఒంటరి గుర్రం సరిగ్గా నిద్ర కూడా పోదు, గాఢనిద్రకు అది కాసేపైనా పడుకోవాలి, కాపలాకు ఇంకొకటి ఉంటేనే నిబ్బరంగా పడుకుంటుంది. ఇంకో గుర్రాన్ని తేలేకపోతే, పక్క ఫామ్ గుర్రాలు కనిపించేలా అయినా కంచె పక్కన వదలండి. ముళ్ళతీగ కంచె అయితే దయచేసి ముందు అది తీయించండి.

ఆ తర్వాతే అసలు పని, అది చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. పొద్దున్న ఐదున్నర, ఆరు మధ్య, ఎండ రాకముందు, గుర్రాన్ని విశాలమైన జాగాలో వదిలి ఒక పక్క గడ్డి వేయండి. గడ్డి తప్పకుండా ఉండాలి, మీ దగ్గరికి రావడం కాకుండా దానికి ఇంకో మంచి పని ఉండాలి, అప్పుడే అది వస్తే ఆ రావడానికి విలువ. మీరు ఒక పక్కన నిలబడి ఊరికే ఉండండి. ఫోన్ చూడొద్దు, దాని కళ్ళలోకి తదేకంగా చూడొద్దు. నాలుగు రోజులు ఇంతే. అయిదో రోజు దాని భుజం వైపుకు, తిన్నగా కాకుండా కాస్త వంపుగా, రెండు మూడు అడుగులు వేయండి. నేరుగా తల ముందుకు వెళ్ళొద్దు, గుర్రానికి నుదుటి ముందర కొంచెం జాగా, తోక వెనక జాగా కనిపించవు, మిగతా చుట్టూ దాదాపు మూడు వందల యాభై డిగ్రీలు కనిపిస్తాయి. నడుస్తూ దాని చెవిని, మెడను చూడండి. మెడ కాస్త లేచింది, మేత నమలడం ఆగింది, ఒక చెవి మీవైపు బిగుసుకుంది, అంతే, అక్కడే ఆగండి. అది కాలు కదపక ముందే మీరే వెనక్కి తిరిగి పోండి. ఇది చాలా మందికి మింగుడు పడదు, ఇంత దగ్గరికి వచ్చాక ఇంకో అడుగు వేద్దామనిపిస్తుంది. ఆ ఒక్క అడుగే వారం పనిని చెడగొడుతుంది. “చాలు” అని అది చెప్పింది, మీరు విన్నారు. అది మళ్ళీ చెప్తుంది, మీరు మళ్ళీ వింటారు. ఎవరైనా తన మాట వింటారని ఆ గుర్రానికి బహుశా ఇదే మొదటిసారి తెలుస్తుంది.

ఒక రోజు మీరు వెనక్కి తిరిగి నడుస్తుంటే వెనక డెక్కల చప్పుడు వినిపిస్తుంది. తిరిగి చూడకండి, ఆగి నిలబడండి. ముక్కు మీ మోచేతికి తగిలితే తల మీద చెయ్యి వేయొద్దు, మెడ వీపుతో కలిసే చోట, జూలు అయిపోయే ఎత్తు దగ్గర, వేళ్ళతో గట్టిగా గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లోనే కొలిచి చూపించారు. కింది పెదవి సాగి వణుకుతుంటే సరైన చోటు దొరికినట్టే. పది సెకన్లు గోకి చెయ్యి తీసేయండి. అది ఉంటే మళ్ళీ గోకండి, పోతే పోనివ్వండి. వెళ్ళిపోయినందుకు మాత్రం ఎప్పుడూ శిక్షించకండి, వెంటపడకండి, గొంతు మార్చకండి. వెళ్ళిపోవచ్చని తెలిసిన గుర్రమే తిరిగి వస్తుంది.

తర్వాత నడక. దాని భుజం పక్కన నిలబడి, ఊపిరి పీల్చి, ముందు మీ ఛాతీ కదిలేలా అడుగు వేయండి. వస్తే రెండడుగులకే ఆగి గోకండి. భుజం కన్నా వెనకగా ఉండి దాని తుంటి వైపు తిరిగితే ముందుకు పొమ్మన్నట్టు, భుజం దాటి ముందుకొస్తే నెమ్మదించమన్నట్టు, ఇది గుర్రాలకు ఎవరూ నేర్పక్కర్లేదు, మనమే నేర్చుకోవాలి. పది పదిహేను నిమిషాలకు మించొద్దు, బాగా జరుగుతున్నప్పుడే ఆపేయండి. ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతారు. నా ఆడగుర్రాన్ని నేను పాడుచేసింది ఒక్క వారంలో, అది మళ్ళీ నా దగ్గరికి తనంతట తాను రావడానికి అయిదు నెలలు పట్టింది.

ప్రశ్న: మా రైడింగ్ మాస్టర్ “గుర్రానికి నువ్వే లీడర్ అని తెలియాలి, లేకపోతే అదే నీ నెత్తినెక్కుతుంది” అంటారు. మందలో కూడా ఒక లీడర్ ఉంటుందట కదా? (ఒక పాఠకుడు, షామీర్‌పేట్)

జవాబు: మందలో హెచ్చుతగ్గులు ఉంటాయి, నీళ్ళ దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అనేవి ఉంటాయి. కానీ ఒకే గుర్రం రాజులా అందర్నీ నడిపిస్తుందన్న పాత మాటను, స్వేచ్ఛగా తిరిగే మందలను ఏళ్ళ తరబడి గమనించిన వాళ్ళు ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ఈ పూట ఒకటి ముందు కదులుతుంది, ఇంకో పూట ఇంకొకటి. పైగా మనం గుర్రాలం కాదన్న సంగతి వాటికి బాగా తెలుసు. మీ మాస్టర్ గారు చెప్పేదాంట్లో నేను తీసుకునే ముక్క ఒకటుంది, గుర్రం మీదకి తోసుకొస్తే “నా జాగా ఇది” అని స్పష్టంగా చెప్పగలగాలి. నాలుగైదు వందల కిలోల జంతువు అది, ప్రేమగా వచ్చి తొక్కినా వేళ్ళు విరుగుతాయి. చెయ్యెత్తి, నిటారుగా నిలబడి, ఒక అడుగు వెనక్కి వేయించి, వెంటనే మామూలైపోండి. దానికి లీడర్ అనే పేరు పెట్టక్కర్లేదు. ప్రతిరోజూ ఒకేలా ప్రవర్తించే మనిషి దానికి చాలు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. శని, ఆదివారాలు మొయినాబాద్ వైపు గుర్రాల దగ్గరికి వెళ్తాను. వారమంతా ఆఫీసు టెన్షన్ ఉంటే ఆ రోజు గుర్రం నా మాటే వినదు, నేను ప్రశాంతంగా ఉన్న రోజు ఏమీ అడగకముందే చేసేస్తుంది. నిజంగా దానికి తెలుస్తుందా, నా భ్రమా? (ఒక పాఠకురాలు, కొండాపూర్)

జవాబు: భ్రమ కాదు. బెర్లిన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. దాని యజమాని ఫోన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టారు. కూడికలు, తీసివేతలు అడిగితే అది డెక్కతో నేల మీద అన్ని సార్లు తట్టి జవాబు చెప్పేది. జనం విరగబడి చూశారు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన జాగ్రత్తగా పరీక్షించి కిటుకు కనిపెట్టాడు. ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగినవాడి తల వెంట్రుకవాసి కదిలేది, ఒంట్లో బిగువు సడలేది, హాన్స్ అది చూసి ఆపేది. అడిగేవాళ్ళకు తాము కదిలినట్టు కూడా తెలియదు. ఈ కథను చాలామంది “గుర్రానికి లెక్కలు రావని తేలింది” అని ముగిస్తారు. నాకు మాత్రం మనిషి తన ఒంట్లో తనకే తెలియని కదలికను ఒక గుర్రం చదివిందన్న సంగతే గొప్పగా అనిపిస్తుంది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపిస్తే, కోపంగా ఉన్న ముఖాన్ని చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది, అవి ఎడమ కంటితో చూడటానికి తల తిప్పాయి.

నలుడికి అశ్వహృదయం తెలుసని మనం చదువుకున్నాం. నా అనుభవంలో గుర్రాలకే మనుషుల లోపలి సంగతి ముందు తెలిసిపోతుంది. కాబట్టి టెన్షన్ లేనట్టు నటించొద్దు, పైకి నవ్వుతూ భుజాలు బిగబట్టిన మనిషి దాన్ని ఇంకా గందరగోళంలో పడేస్తుంది. అలాంటి రోజు అసలు ఏమీ అడక్కండి. బ్రష్ తీసుకుని ఒళ్ళు రుద్దండి, పొడుగ్గా ఊపిరి వదలండి, డెక్కలు శుభ్రం చేసి ఇంటికి పోండి. ఫీజు కట్టాం కదా స్వారీ చేయకపోతే ఎలా అనిపిస్తుంది, తెలుసు. అయినా ఆ రోజు వద్దు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. రైడింగ్ స్కూల్లో పోనీకి రోజూ క్యారెట్, బెల్లం పెడుతుంది. ఇప్పుడది జేబులు వెతుకుతూ చిన్నగా కొరుకుతోంది. తిండి పెట్టి నేర్పడం తప్పని కొందరు, అదే మంచిదని కొందరు అంటున్నారు. (ఒక తల్లి, సైనిక్‌పురి)

జవాబు: తిండి తప్పు కాదమ్మా, పెట్టే పద్ధతి సరిగ్గా లేదు. తిండి బహుమతిగా ఇస్తూ నేర్పిన గుర్రాలు పని త్వరగా నేర్చుకున్నాయని, ఎనిమిది నెలల తర్వాత కూడా మనుషుల దగ్గరికి ఇష్టంగా వచ్చాయని 2010లో ఫ్రాన్స్ పరిశోధకులు రాశారు. పాప ఊరికే పెడుతోంది, అది ఊరికే వెతుకుతోంది. పోనీ తల పక్కకు తిప్పి, జేబు వదిలేసి నిలబడినప్పుడే ముక్క రావాలి. అడిగితే రాదు, మర్యాదగా ఉంటే వస్తుంది, నాలుగు రోజుల్లో దానికి అర్థమైపోతుంది. ముక్క అరచేయి చాచి, పాప ఒంటికి దూరంగా, పోనీ ఛాతీ దగ్గర ఇవ్వాలి. తీసుకోవడానికి అదే కాస్త వెనక్కి జరుగుతుంది. సరిగ్గా చేసిన క్షణాన్ని గుర్తించడానికి ఒక శబ్దం పెట్టుకోండి, కానీ నాలుకతో “టక్ టక్” అనొద్దు, మన సాయీసులంతా ముందుకు నడిపించడానికి అదే శబ్దం వాడతారు. పెన్ను బటన్ చప్పుడో, ఒక చిన్న పదమో చాలు. బెల్లం వేలి గోరంత, అదీ ఎప్పుడో, క్యారెట్ పొడుగ్గా చీల్చి ఇవ్వండి, గుండ్రటి ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. పెద్దవాళ్ళు పక్కన లేకుండా, బూట్లు, హెల్మెట్ లేకుండా పాపను లోపలికి పంపొద్దు, ఆ పోనీ ఎంత మంచిదైనా సరే.

ప్రశ్న: లిబర్టీకి మార్వారీ మంచిదా, థరోబ్రెడ్ మంచిదా? (ఒక పాఠకుడు, ఎల్బీనగర్)

జవాబు: మార్వారీ చెవులు కొసలు కలిసేలా లోపలికి వంగి ఉంటాయి కాబట్టి దాని మనసు చదవడం చూడముచ్చటగా ఉంటుంది, అంతకు మించి జాతితో పనిలేదు. మీ దగ్గర ఏది ఉంటే అదే మంచిది. ఇంకా కొనకపోతే, కొనే ముందు నెల రోజులు ఎవరి గుర్రం దగ్గరైనా పేడ ఎత్తండి.

ప్రశ్న: మాది శాలిబండ. మా నాయన కాలం నుంచి బరాత్‌లకు గుర్రాలు పంపుతున్నాం. పన్నెండేళ్ల తెల్ల ఆడగుర్రం ఒకటి ఉంది, ఇంట్లో మా పిల్లల వెనకే తిరుగుతుంది, తాడు కూడా అక్కర్లేదు. పోయిన సీజన్‌లో మర్ఫా డప్పులు వాయిస్తుండగా పక్కనే పటాకులు పేలితే పక్కకు దూకింది, పెళ్ళికొడుకు పడబోయాడు. అప్పటి నుంచి బ్యాండు కనిపిస్తే చాలు చెమటలు పడుతోంది. ముళ్ళ కళ్ళెం వేస్తే దారికొస్తుందని మా వాళ్ళు అంటున్నారు. మీరు రాసే ఈ లిబర్టీ పద్ధతి ఫామ్‌లున్న వాళ్ళకేనా, మా లాంటి వాళ్ళకూ పనికొస్తుందా? (ఒక పాఠకుడు, పాతబస్తీ)

జవాబు: అన్నా, మీకే ఎక్కువ పనికొస్తుంది. తాడు లేకుండా పిల్లల వెనక తిరిగే గుర్రం కోసం అజీజ్‌నగర్ పాఠకుడు ఎనిమిది నెలలుగా తపించిపోతున్నాడు. అది మీ ఇంట్లో ఉంది, దాన్ని ముళ్ళ కళ్ళెంతో పోగొట్టుకోకండి. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో కేంద్రం పెట్టిన నిబంధనల్లోనే ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని ఉంది. చట్టం మాట పక్కన పెట్టినా, పటాకు పేలిన క్షణంలోనే నోట్లో ముల్లు దిగితే ఏమవుతుంది? పటాకు పేలితే నోరు చీలుతుందని నేర్చుకుంటుంది. ఈసారి పక్కకు దూకడం ఇంకా ముందే మొదలవుతుంది.

చెమటలు పడుతున్నాయంటే ఆ గుర్రం మొండికేయడం లేదు, భయపడుతోంది. గుంపుల మధ్య నిలబడే పోలీసు గుర్రాలకు చప్పుళ్ళు అలవాటు చేసే పద్ధతే మీరూ చేయండి, ఖర్చు లేదు. మర్ఫా రికార్డింగ్ ఫోన్‌లో పెట్టుకోండి. దాని మేత వేళకు, ఉడికించిన ఉలవలు పెట్టినప్పుడు, వాకిలి అవతల నుంచి, మీకే సరిగ్గా వినపడనంత చిన్నగా మొదలుపెట్టండి. మనకు వినపడని కీచు శబ్దాలు కూడా గుర్రానికి వినిపిస్తాయి. తినడం ఆపకుండా ఉంటేనే మర్నాడు ఒక గీత పెంచండి. నమలడం ఆపి తల ఎత్తిందా, మీరు తొందరపడ్డారు, రెండు గీతలు తగ్గించండి. ఫోన్ తర్వాత స్పీకర్, స్పీకర్ తర్వాత వీధి చివర ఒక్క డప్పు, నిజం మనిషి వాయించేది. తర్వాత రెండు డప్పులు. పటాకుల శబ్దం వేరుగా, అదీ రికార్డింగే, ఇలాగే. గుర్రాన్ని కట్టేసి చెవుల దగ్గర ఒకేసారి మోగించేసి “అలవాటైపోతుంది” అనేవాళ్ళ మాట వినకండి. అలా చేస్తే కొన్ని గుర్రాలు నిజంగానే కదలకుండా నిలబడిపోతాయి, దాన్ని ధైర్యం అనుకుంటాం. అది మొద్దుబారిపోవడం, లోపల భయం అలాగే ఉంటుంది.

పక్కనే ఇంకో పని మొదలుపెట్టండి. మీ అరచేయి చూపించి, ముక్కు దానికి తాకిస్తే ఒక పిడికెడు గడ్డో, ఒక క్యారెట్ ముక్కో ఇవ్వండి. ముందు ఇంట్లో, తర్వాత గల్లీలో, తర్వాత శనివారం సాయంత్రం రద్దీలో. వంద సార్లు, రెండు వందల సార్లు. తాడు వదులుగా వేలాడుతుండాలి, తను తాకాలనుకునే తాకాలి. బరాత్‌లో గందరగోళం మొదలైనప్పుడు కళ్ళెం లాగే బదులు ఆ అరచేయి చూపిస్తే దానికి తెలిసిన పని ఒకటి దొరుకుతుంది, భయపడ్డ గుర్రానికి తెలిసిన పని దొరకడం చాలా పెద్ద ఊరట. ఇందుకు దాని తల దగ్గర మీరే ఉండాలి. అద్దెకు తెచ్చిన కుర్రాడి అరచేయి దానికి మీ అరచేయి లాంటిది కాదు.

పెళ్ళివాళ్ళతో బేరం కుదుర్చుకునేటప్పుడే ఖచ్చితంగా చెప్పండి, పటాకులు గుర్రానికి యాభై అడుగుల అవతల, డీజే స్పీకర్లు గుర్రం వైపు తిప్పకూడదు అని. ఒకటి రెండు బేరాలు పోతాయి. పెళ్ళికొడుకు కింద పడితే పోయేది అంతకన్నా ఎక్కువ కదా. చెవులకు బట్ట టోపీలు దర్జీ దగ్గర కుట్టించండి, చప్పుడు కొంత తగ్గుతుంది, జరీ అంచు వేయిస్తే పెళ్ళివాళ్ళకూ నచ్చుతుంది. ఒక రాత్రికి ఒకటే బరాత్. మధ్యలో నీళ్ళు. నల్లటి తారురోడ్డు మీద నాడాలు జారుతాయి, అరిగినవి మార్పించండి, సగం భయం కాళ్ళకింద జారడం వల్లే వస్తుంది, పైకి చప్పుడుకు భయపడినట్టు కనిపిస్తుంది.

ఇంత చేసినా అది ఒప్పుకోకపోవచ్చు. పన్నెండేళ్లకు కొన్ని గుర్రాలు చాలనుకుంటాయి. అప్పుడు పగటి పూట చిన్న ఊరేగింపులకు, ఫొటోలకు పంపండి, లేదా వేరే గుర్రాన్ని ఇలాగే మొదటి నుంచి తయారుచేసి దీన్ని పిల్లలకు వదిలేయండి.

ఆషాఢంలో బేరాలు తక్కువే ఉంటాయి, ఆ నెల మొత్తం ఫోన్, ఉలవలు, అరచేయి, ఇంతే పెట్టుకోండి. బయటికి అస్సలు తీసుకెళ్ళొద్దు. శ్రావణం మొదటి వారంలో వీధి చివరి డప్పుకు అది ఏం చేసిందో నాకు రాయండి, చెవులు ఎటున్నాయో, నమలడం ఆగిందో లేదో కూడా రాయండి.